ల్యాబులో తెల్లపొడి



ప్రొద్దుటూరు, శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు ఏ హైస్కూలు సైన్సు గదిలోకి వెళ్లినా, ఏ జూనియర్ కాలేజీ ల్యాబు బీరువా తెరిచినా కింది అరలో ఆమ్లాల సీసాలు కనిపిస్తాయి. వాటి జోలికి ఎవరూ ఊరికే పోరు. సల్ఫ్యూరిక్ ఆమ్లం తీయాలంటే సారు దగ్గరుండాలి. సీసా బల్ల మీదికి రాగానే ముందు వరసలో పిల్లలు వెనక్కి జరుగుతారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ భయమే ఆ సీసాకు కాపలా.

పై అరలో ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉంటాయి. సోడియం కార్బొనేట్, అంటే మన చాకలిసోడా. సిట్రిక్ ఆమ్లం, అంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు. అమ్మోనియం క్లోరైడ్, మన పెద్దలు నవసాగరం అనేది. ఇవన్నీ తెల్లటి పొడులు. వీటిని చూసి వెనక్కి జరిగేవాళ్లు లేరు. మూత తీసి మొహం దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. చేత్తోనే కాగితం మీదికి తీస్తారు. బల్ల మీద ఒలికితే ఊదేస్తారు. ఈ ప్రసంగం ఈ పై అర గురించే. నేను చాలా ఏళ్లుగా రసాయన శాస్త్రం చెబుతూ, ల్యాబులు చూస్తూ గమనించినది ఒకటే. మన బళ్లలో కళ్లు మండేది, చేతులు పగిలేది, దగ్గు తెరలు వచ్చేది ఎక్కువగా ఈ డబ్బాల వల్లే. ఎవరూ భయపడని వస్తువును ఎవరూ కాపాడరు. దాని నుంచి తమను తాము కూడా కాపాడుకోరు.

ముందుగా ఆ డబ్బా మీద ఏముంటుందో చూద్దాం. ఎర్రటి అంచు ఉన్న డైమండ్ ఆకారంలో ఒక ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన ప్రపంచ వ్యాప్త లేబుల్ పద్ధతి నుంచి వచ్చిన గుర్తు అది. పుర్రె బొమ్మ ఉంటే విషం. చేతి మీద, లోహం మీద ద్రవం పడుతున్న బొమ్మ ఉంటే ఒంటిని తినేసేది. ఈ ఆశ్చర్యార్థకం వాటికన్నా ఒక మెట్టు కింది హెచ్చరిక. చాకలిసోడా డబ్బా మీద దాని పక్కన రాసి ఉండే మాటల సారం ఇది: కంటికి తీవ్రమైన మంట కలిగిస్తుంది. సిట్రిక్ ఆమ్లం మీద దానికి తోడు శ్వాసనాళాలకు మంట అన్న మాట కూడా ఉంటుంది.

చాకలిసోడా నీళ్లలో కరిగితే పీహెచ్ 11 దాటుతుంది. మన కన్నీటి పీహెచ్ 7 కి కొంచెం పైన. పొడి కంట్లో పడిందంటే ఆ కొద్ది కన్నీటిలోనే కరగాలి కదా, అందుకే అక్కడ ద్రావణం చాలా చిక్కగా తయారవుతుంది. పైగా నీరు లేని సోడా పొడి కరిగేటప్పుడు వేడి పుడుతుంది. బీకరులో లీటరు నీళ్లలో కలిపి పలుచన చేసిన సోడా ఒకటి, కంటి రెప్ప కింద ఇరుక్కున్న సోడా రేణువు ఇంకొకటి. డబ్బా మీది హెచ్చరిక ఆ రెండో దాని గురించి.

చర్మం సంగతి వేరు. ఒక్కసారి తగిలితే ఏమీ కాదు, కడుక్కుంటే పోతుంది. కానీ రోజూ తగిలే చేతులున్నాయి. పిల్లలకు వారానికి ఒకటో రెండో ప్రాక్టికల్ పీరియడ్లు. సారు తూకం వేసేది అప్పుడప్పుడు. అన్ని బ్యాచ్‌లకూ ద్రావణాలు కలిపేది, డబ్బాలు నింపేది, బల్లలు తుడిచేది, గాజు సామాను కడిగేది అటెండరన్న. సోడా చర్మం మీది జిడ్డును తీసేస్తుంది. బట్టల మురికి వదిలించేది కూడా ఆ గుణమే. జిడ్డు పోయిన చర్మం ఎండి, పొలుసులు లేచి, చలికాలంలో వేళ్ల సందుల్లో చిట్లుతుంది. చిట్లిన చోట ఇంకో రసాయనం తగిలితే అది నేరుగా లోపలికి పోతుంది. ల్యాబుకు గ్లోవ్స్ కొనేటప్పుడు పిల్లల సంఖ్య లెక్కబెట్టి కొంటారు. ఆ లెక్కలో అటెండరన్న ఉండడు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మనం మాట్లాడుకునే భద్రత అంతా ఎవరికి ముందు దక్కాలో ఆయనకే చివర దక్కుతోంది.

ఇక గాలిలో లేచే దుమ్ము. కారం పట్టించే గిర్నీ ముందు నిలబడ్డవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మిరపకాయ సంచిలో ఉన్నంతసేపూ ఏ బాధా లేదు, పొడై గాలిలోకి లేచాక వీధి చివరి మనిషి కూడా తుమ్ముతాడు. రసాయనం మారలేదు, రేణువు పరిమాణం మారింది. పది మైక్రాన్ల రేణువు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు, కదలని గాలిలో మన ముఖం ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఎనిమిది నిమిషాల దాకా పడుతుంది. ఒక్క మైక్రాను రేణువైతే దాదాపు సగం రోజు గాలిలోనే తేలుతుంది. ఫ్యాను తిరుగుతుంటే ఈ లెక్కలు కూడా చెల్లవు, రేణువు దిగనే దిగదు. కాబట్టి ఒక బ్యాచ్ ఒలకబోసి వెళ్లిన పొడిని తర్వాతి బ్యాచ్ పీలుస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్ల ఆ రెండో బ్యాచ్‌లో ఉంటే, తనకెందుకు ఆయాసం వచ్చిందో ఆ పిల్లకే తెలియదు.

దీనికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. దుమ్ము లేవకుండా చూడడమే సగం పని. పొడి తీసేటప్పుడు కాటా దగ్గర ఫ్యాను ఆపాలి. డబ్బాను ఎత్తి వంపకూడదు. డబ్బా మూతిని బీకరు మూతి దగ్గరికి తెచ్చి, స్పాచ్యులాతో కొద్దికొద్దిగా దింపాలి. ఎక్కువైన పొడిని తిరిగి డబ్బాలో పోయకూడదు, ఎందుకంటే స్పాచ్యులాకు అంటిన ఇంకో లవణం డబ్బా మొత్తాన్ని పాడుచేస్తుంది. ద్రావణం చేయాలంటే ముందు నీళ్లు తీసుకుని, కలుపుతూ పొడి వేయాలి. పొడి మీద నీళ్లు పోస్తే సోడా గట్టి గడ్డ కడుతుంది, గడ్డ లోపల వేడెక్కుతుంది, దాన్ని గాజు కడ్డీతో పొడుస్తుంటే చింది పైకొస్తుంది. ఒలికిన పొడిని చీపురుతో ఊడవడం, నోటితో ఊదడం రెండూ వద్దు. తడిగుడ్డ వేసి, లోపలికి మడుస్తూ తుడిచి, ఆ గుడ్డను విడిగా కడగాలి.

మాస్కు గురించి ఒక మాట. కరోనా కాలం నుంచి ఇళ్లలో మిగిలిపోయిన పల్చటి సర్జికల్ మాస్కులు ల్యాబుల్లో కనిపిస్తున్నాయి. అవి మన నోటి తుంపర్లు బయటికి పోకుండా ఆపడానికి చేసినవి. చెంపల పక్కనుంచి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. పొడి ఎక్కువగా తీసే రోజున, అంటే సంవత్సరారంభంలో పెద్ద సంచి విప్పి చిన్న డబ్బాల్లోకి సర్దే రోజున, ఎన్95 మాస్కు ముక్కు మీద బిగుతుగా పెట్టుకోవాలి. మామూలు రోజున చిటికెడు పొడికి మాస్కు కన్నా కళ్లద్దాలు ముఖ్యం. పక్కలు మూసి ఉన్న ల్యాబు కళ్లద్దాలు. చూపు కోసం పెట్టుకునే అద్దాలు దానికి సరిపోవు, పక్కనుంచి పొడి లోపలికి వెళుతుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే అమ్మాయిలు, అబ్బాయిలు ఇప్పుడు కాలేజీల్లో చాలామంది ఉన్నారు. లెన్సు కింద చేరిన రేణువు కంటిని వదలదు. ప్రాక్టికల్ రోజున వాళ్లు కళ్లజోడు పెట్టుకుని, దాని మీద ల్యాబు కళ్లద్దాలు పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వస్తాను. తెల్లపొడులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చాకలిసోడా, వంటసోడా, ఉప్పు, నిమ్మ ఉప్పు, నవసాగరం ఒక పక్క. అదే బీరువాలో ఆక్సాలిక్ ఆమ్లం కూడా తెల్లగానే ఉంటుంది, పర్మాంగనేటు ప్రయోగానికి ప్రతి కాలేజీలో వాడతారు. కడుపులోకి వెళితే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సల్ఫేటు పరీక్షకు వాడే బేరియం క్లోరైడ్ కూడా తెల్లటిదే, అది నేరుగా విషం. స్వల్పంగా మండించే పొడికీ, ప్రాణం తీసే పొడికీ మధ్య తేడా చెప్పేది డబ్బా మీది కాగితం ఒక్కటే. ఆ కాగితం మన ఊళ్లలో ఎంతకాలం నిలుస్తుంది? వానాకాలపు తేమకు జిగురు వదులుతుంది. చెదలు, వెండి పురుగులు అంచులు కొరుకుతాయి. సోడా డబ్బా చుట్టూ చేతులు తాకిన చోట సిరా చెరిగిపోతుంది. రెండేళ్లకు డబ్బా మిగులుతుంది, పేరు మిగలదు. అప్పుడు ఎవరో ఒకరు, ‘ఇది సోడానే అయ్యుంటుంది’ అంటారు. ఆ మాట ల్యాబులో ఎవరి నోటా రాకూడదు. పేరు లేని డబ్బాలో ఏముందో ఊహించి వాడడం కన్నా, దాన్ని పక్కన పెట్టి ‘తెలియని పదార్థం’ అని రాసి తాళం వేయడం మేలు.

పేరు ఉన్నా చాలదు, పూర్తి పేరు ఉండాలి. సోడియం కార్బొనేట్ ల్యాబులో రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి నీరు లేని పొడి. రెండోది పది నీటి అణువులతో స్ఫటికాలుగా ఉండేది. ఆ స్ఫటికాల బరువులో దాదాపు 63 శాతం నీరే. 0.1 మోలార్ ద్రావణానికి లీటరుకు మొదటిది 10.6 గ్రాములు కావాలి, రెండోది 28.6 గ్రాములు కావాలి. లేబుల్ మీద ఉత్త ‘సోడియం కార్బొనేట్’ అని ఉంటే అటెండరన్న ఏది తూస్తాడు? పొరపాటున నీరు లేనిది 28.6 గ్రాములు వేస్తే ద్రావణం అనుకున్నదానికి 2.7 రెట్లు గాఢమవుతుంది. లెక్క తప్పడం ఒక్కటే కాదు, పిల్లలు పిపెట్టుతో తీసే ద్రావణం కూడా అంత ఘాటైనదే. పైగా మే నెల ఎండల్లో ఆ స్ఫటికాలు మూత సరిగా లేని డబ్బాలో నీరు కోల్పోయి తెల్లగా పొడిబారతాయి. అప్పుడు అది రెండూ కాని మూడో పదార్థం. అందుకే లేబుల్ మీద పేరు, ఫార్ములా, తెచ్చిన తేదీ, మూత తీసిన తేదీ పెన్సిలుతో రాసి, పైన పారదర్శకమైన టేపు అతికించాలి. పెన్సిలు రాత నీళ్లకు, స్పిరిటుకు చెరగదు. పక్కన తెలుగులో కూడా రాయాలి. ల్యాబు తుడిచే ఆయమ్మ ఆ డబ్బాను చూసి చదవగలగాలి.

డబ్బాల మార్పిడి గురించి ఎంత చెప్పినా తక్కువే. 2013 జులై 16న బీహారులోని సారన్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు కలిసింది. దేశమంతా ఏడ్చిన రోజది. అది పొడి కాదు, స్వల్పమైనదీ కాదు. కానీ అక్కడ తప్పిన జాగ్రత్తే మన ల్యాబుల్లోనూ తప్పుతోంది. తినే వస్తువుల దగ్గరికి రసాయనం ఉన్న డబ్బా వెళ్లకూడదు, రసాయనాల దగ్గరికి తినే వస్తువు డబ్బా రాకూడదు. హార్లిక్స్ సీసాలో సోడా, మంచినీళ్ల సీసాలో సబ్బు నీళ్లు, వక్కపొడి డబ్బాలో నవసాగరం నేను ఎన్ని చోట్ల చూశానో. ఖాళీ సీసాలు పారేయబుద్ధి కాకపోవడం మంచి గుణమే. కానీ ఈ ఒక్క చోట అది పనికిరాదు. ల్యాబు పక్క గదిలోనే మధ్యాహ్న భోజనం బియ్యం నిల్వ చేసే బళ్లు ఇంకా ఉన్నాయి. ఆ రెండు గదులకు ఒకే తాళంచెవి ఉండకూడదు.

నిల్వ విషయంలో మన టీచర్లు చేసే ఒక పనిని నేను మెచ్చుకుంటాను, కానీ దాన్ని మార్చమని కూడా అడుగుతాను. డబ్బాలన్నీ అక్షర క్రమంలో సర్దుతారు. వెతకడం సులభం, నిజమే. కానీ రసాయనాలకు అక్షరమాల తెలియదు. పక్కపక్కన ఉండకూడనివి అక్షర క్రమంలో పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. చాకలిసోడా, నవసాగరం తేమలో కలిస్తే అమోనియా ఘాటు మెల్లగా లేస్తుంది. చాకలిసోడా, నిమ్మ ఉప్పు ఒకే డబ్బాలో కలిసి తేమ తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, మూత బిగించి ఉంటే డబ్బా పగులుతుంది. నీళ్ల ట్యాంకుకు వాడే బ్లీచింగు పొడి సంచిని చాలా బళ్లలో సైన్సు గదిలోనే పెడతారు. దాని పక్కన నిమ్మ ఉప్పో, ఇంకే ఆమ్లమో ఉంటే క్లోరిన్ పుట్టే దారి తెరిచినట్టే. పర్మాంగనేటు లాంటి ఆక్సీకరణులను చక్కెర, నిమ్మ ఉప్పు, ఆక్సాలిక్ ఆమ్లం లాంటి వాటికి దూరంగా పెట్టాలి. అందుకని సోడాలు, క్షారాలు ఒక అర, ఆమ్ల గుణం ఉన్న పొడులు ఇంకో అర, ఆక్సీకరణులు మూడో అర, విషాలు తాళం వేసిన బీరువాలో విడిగా. ఒక్కొక్క అర లోపల అక్షర క్రమం పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

ఇంకో చిన్న నియమం చాలామందికి తట్టదు. పొడి డబ్బాలు కంటి ఎత్తు దాటి ఉండకూడదు. పై అర నుంచి తీసేటప్పుడు మూత ఊడితే పొడి మొహం మీదే పడుతుంది. సోడా, నిమ్మ ఉప్పు రెండూ తేమను పీల్చి గడ్డకడతాయి కాబట్టి కిటికీ పక్కన, సింకు పైన పెట్టకూడదు. గడ్డకట్టిన పొడిని పగలగొట్టడానికి స్పాచ్యులాతో కుమ్ముతారు చూడండి, ముక్కలు కళ్లలోకి ఎగిరేది అప్పుడే. డబ్బా మూత గట్టిగా పెడితే ఆ కుమ్ముడు అవసరమే రాదు.

కంట్లో పడితే ఏం చేయాలో ప్రతి పిల్లకూ ముందే తెలిసి ఉండాలి. పడ్డాక చెబుదామంటే వినే స్థితిలో ఉండరు. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని, శుభ్రమైన నీళ్లు ధారగా, కనీసం పదిహేను నిమిషాలు పోయాలి. గడియారం చూసి పోయాలి, ఎందుకంటే రెండు నిమిషాలకే మంట తగ్గినట్టనిపించి ఆపేస్తారు. నలపకూడదు. సోడా క్షారం కదా అని నిమ్మరసం పిండకూడదు, నిమ్మ ఉప్పు పడితే సోడా నీళ్లు పోయకూడదు. అలా చేస్తే కంట్లోనే వేడి పుడుతుంది, గాయం పెద్దదవుతుంది. నగరాల్లో పెద్ద ల్యాబుల్లో కళ్లు కడిగే ఫౌంటెన్లు ఉంటాయి. మన బళ్లలో లేకపోతే నష్టం లేదు. కానీ ల్యాబు గదిలోనో గుమ్మం పక్కనో నీళ్లొచ్చే కుళాయి, దాని కింద మొహం పెట్టే చోటు ఉండాలి. బోరు ఆగిపోయే రోజులకని మూత పెట్టిన బకెట్టు, చెంబు ప్రతి ప్రాక్టికల్ రోజు ఉదయం నింపి పెట్టాలి. కడిగాక కూడా మంట, ఎరుపు, మసక తగ్గకపోతే ఆలస్యం వద్దు. చేవెళ్ల, మొయినాబాద్ నుంచి బస్సులు వచ్చే మెహిదీపట్నంలోనే సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు డబ్బానో, కనీసం లేబుల్ ఫోటోనో వెంట తీసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేది ఏ రసాయనం అనే.

ఎవరైనా పొడి మింగితే నోరు పుక్కిలింపజేయాలి, వాంతి చేయించకూడదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది. ఫోను నంబరు 1800 116 117, ఖర్చు లేదు. ఈ నంబరును, 108 ను ల్యాబు తలుపు లోపలి వైపు పెద్ద అక్షరాల్లో రాయించండి.

ప్రతి రసాయనానికీ తయారీదారు ఇచ్చే భద్రతా పత్రం ఒకటి ఉంటుంది. దానిలో పదహారు భాగాలుంటాయి. అది ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, చాలా పేజీలు ఉంటుంది కాబట్టి ఫైల్లోకి వెళ్లిపోతుంది. టీచర్లకు నా విన్నపం ఇది. మొత్తం చదవలేకపోయినా నాలుగో భాగం ప్రథమ చికిత్స, ఆరోది ఒలికితే ఏం చేయాలి, ఏడోది వాడకం, నిల్వ, పదోది దేనితో కలపకూడదు, ఈ నాలుగూ చదవండి. చదివినదాన్ని తెలుగులో అరపేజీ రాసి బీరువా తలుపుకు అతికించండి. పదో తరగతి పిల్లలతోనే రాయించవచ్చు. తమ చేత్తో రాసినది వాళ్లు మర్చిపోరు.

స్వల్పం అనుకున్న పొడి ఎంత దూరం పోగలదో మనకు ఈ మధ్యే, మన పక్కనే తెలిసింది. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారం పారిశ్రామిక వాడలోని సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కలప గుజ్జు నుంచి చేసే తెల్లటి మెత్తటి పొడి అది. మనం మింగే మాత్రల్లో మందుతోపాటు ఉండేది అదే. తింటే హాని లేదు, చేతికి తగిలితే మంట కూడా లేదు. కానీ మండే గుణం ఉన్న ఏ పొడైనా మెత్తగా నలిగి, మూసిన చోట గాలిలో మేఘంలా లేచి, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. చక్కెర కూడా అంతే. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో చక్కెర దుమ్ము పేలి పద్నాలుగు మంది చనిపోయారు. దూలాల మీద, పైపుల మీద పేరుకున్న దుమ్ము మొదటి చిన్న పేలుడుకు రాలి, గాలిలోకి లేచి, రెండో పెద్ద పేలుడుకు మేత అవుతుంది. అందుకే అలాంటి చోట్ల మిల్లీమీటరు మందం కూడా లేని పొరను ప్రమాదంగానే లెక్కిస్తారు.

మన ల్యాబు డబ్బాల్లో చాకలిసోడా, ఉప్పు మండవు. నిమ్మ ఉప్పు, చక్కెర, గంజిపిండి మండుతాయి. బడిలో ఉండే వందల గ్రాములతో అలాంటి పేలుడు రాదు, దానికి భయపడనక్కర్లేదు. నేను ఇది చెప్పడానికి కారణం వేరే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల కర్మాగారాల్లోకి రేపు ఉద్యోగానికి వెళ్లేది మన శంకర్‌పల్లి, చేవెళ్ల బళ్లలో చదివిన పిల్లలే. పొడిని టన్నుల్లో చూసే చోటికి వెళ్లేముందు, దాన్ని గ్రాముల్లో చూసిన చోటే వాళ్లకు అలవాటు పడాలి. దుమ్ము లేస్తే ఆగి ‘ఇదేమిటి, ఎందుకు లేచింది’ అని అడగడం పదిహేనేళ్ల వయసులో నేర్చుకున్న మనిషి, ముప్పై ఏళ్ల వయసులో డ్రయర్ పక్కన నిలబడి సూపర్‌వైజర్‌ను అడగగలడు.

రైతు శ్రోతలకు కూడా ఇందులో పాలు ఉంది. మొయినాబాద్, చేవెళ్ల వైపు పాలీహౌసుల్లో జెర్బెరా, కార్నేషన్ పూలు వేసేవాళ్లు, టమాట, ఆకుకూరలు పండించేవాళ్లు తెగుళ్లకు పొడి మందులు వాడతారు. వాటి ప్యాకెట్టు మీద డైమండ్ ఆకారంలో కింది సగానికి ఒక రంగు ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు ఎక్కువ విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఆకుపచ్చను చూసి ‘ఇది పచ్చ మందు, ఏం కాదు’ అని చేత్తో బకెట్టులో కలుపుతారు. ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు. పాలీహౌసు నాలుగు పక్కలా మూసిన గది. బయట పొలంలో గాలికి పోయే దుమ్ము అక్కడ మనిషి చుట్టూనే తిరుగుతుంది. ప్యాకెట్టును పాలీహౌసు బయట, గాలికి వీపు పెట్టి కత్తిరించండి. పొడిని ముందు చిన్న డబ్బాలో కొద్ది నీళ్లతో పేస్టులా కలిపి, ఆ పేస్టును పెద్ద బకెట్టులో కర్రతో కలపండి. ఇంట్లో పిల్లలకు అందే చోట సగం వాడిన ప్యాకెట్టును మడిచి పెట్టకండి.

కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నది కూడా చూసుకోవాలి. మన ఊళ్ల వాగులు చాలావరకు గండిపేట వైపో, హిమాయత్‌సాగర్ వైపో పారతాయి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలివి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటిని కాపాడడానికే 1996 మార్చి 8న 111 జీవో ఇచ్చి 84 గ్రామాల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధించారు. ఆ జీవో చుట్టూ తర్వాత ఎన్ని వాదాలు నడిచినా వాగు నీళ్లు పారే దారి మాత్రం మారలేదు. కొద్దిపాటి సోడా, నిమ్మ ఉప్పు ద్రావణాలను బాగా పలుచన చేసి సింకులో పోయవచ్చు. బేరియం, సీసం, క్రోమియం లవణాలను పోయకూడదు. వాటిని విడి డబ్బాలో, పేరు రాసి, కూడబెట్టి, కాలుష్య నియంత్రణ మండలి గుర్తింపు ఉన్న వ్యర్థాల సంస్థకు చేరేలా జిల్లా విద్యాశాఖ ద్వారా అడగాలి. ఒక్క బడి అడిగితే పని కాకపోవచ్చు. మండలంలోని బళ్లన్నీ కలిసి ఒకే దరఖాస్తు పెడితే అవుతుంది.

జూన్‌లో బళ్లు తెరిచిన మొదటి వారంలో, పిల్లలు ల్యాబులోకి రాకముందు, సైన్సు సారు, అటెండరన్న ఇద్దరూ కలిసి ఒక పూట బీరువా ముందు కూర్చోండి. ప్రతి డబ్బా కిందికి దించి, మూత, లేబుల్, గడ్డ కట్టిందా లేదా చూడండి. పేరు పోయినవి పక్కన పెట్టండి. ఆ తర్వాత కొత్త సామాను జాబితా రాసేటప్పుడు మొదటి వరసలో అటెండరన్న చేతికి సరిపోయే నైట్రైల్ గ్లోవ్స్ ఒక పెట్టె, ఆయన మొహానికి సరిపోయే కళ్లద్దాలు ఒక జత రాసి, ఆ కింద మిగతావి రాయండి.